పాత లోగిలి – కొత్త కాపురం

బసంత్‌నగర్ పరిసరాలలో భూమి కింద సున్నపురాయి వున్నది. కొద్ది మైళ్ల దూరాన, గోదావరిఖని వైపు, బొగ్గు వున్నది. ఈ రెండు ఖనిజాలూ కలిసి ఆ ప్రాంతపు జీవనాన్ని రెండు తరాలలో మార్చివేసినాయి. పూర్వం ఈ జాతి రాయినే చిన్న బట్టీలలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇసుకతో చేర్చి గానుగలో నూరి, డంగు సున్నం తయారు చేసేవారు. 1969లో బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కర్మాగారం పని ప్రారంభించిన తరువాత, ఆ రాయే బంకమట్టి వంటి ఇతర పదార్థాలతో కలిసి సుమారు 1450 డిగ్రీల వేడిమిలో సిమెంటుగా మారసాగింది. (ఆ సంస్థ సిమెంటు వ్యాపారం 2025లో అల్ట్రాటెక్ సంస్థలో విలీనమైంది.) రాయి ఒకటే, కాల్చే తీరు వేరు. కాని ఆ చిన్న భేదం నుంచే రెండు విధాలైన ఇళ్లు, రెండు విధాలైన కాపురాలు పుట్టినాయి. పాత ఇంటిని కొత్త జీవనానికి అనువుగా మలచుకోవడమెట్లా అనే ప్రశ్న ఈనాడు ఆ పల్లెలలో తలెత్తుతున్నదంటే, దాని మూలం ఈ రెండు పదార్థాల స్వభావంలోనే వున్నది.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు తలెత్తవలెను? దానికి కారణం స్పష్టమే. రామగుండం గనులు, ఉష్ణ విద్యుత్కేంద్రాలు, సిమెంటు కర్మాగారం చుట్టుపక్కల రైతు కుటుంబాల బిడ్డలను జీతగాండ్రను చేసినాయి. వారు యౌవనమంతా కంపెనీ క్వార్టర్లలో గడిపినారు. సింగరేణిలో ఉద్యోగ విరమణ వయస్సు ప్రస్తుతం 61 సంవత్సరాలు. విరమణ నాటికి క్వార్టరు ఖాళీ చేయక తప్పదు. అప్పుడు గుర్తుకు వచ్చేది తాతలనాటి ఇల్లు. చేతిలో గ్రాట్యుటీ సొమ్ము వుంటుంది. ఎదుట బీటలు వారిన మట్టిగోడ వుంటుంది. కూల్చి కొత్తది కట్టుమని కొడుకులు అంటారు. పెద్దలకు చేయి రాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గాని, కట్టివున్న ఇంటిని నిలబెట్టి చూడుమన్న సామెత లేదు. నిజానికి అది రెండింటికన్నా కష్టమైన పని.

ముందుగా ఆ పాత ఇంటి నిర్మాణాన్ని పరిశీలించవలసి వున్నది. ఉత్తర తెలంగాణలో కాస్త కలిగిన రైతు కట్టుకున్న ఇల్లు సాధారణంగా ఇట్లా వుంటుంది. రాతి పునాది మీద మూరెడుకు పైగా మందమైన మట్టిగోడలు. వాటికి లోపల, బయట పూత. టేకు స్తంభాలు, దూలాలు, వాసాలు. పైన గూన పెంకులు. వీధిలో అరుగులు, పెద్ద దర్వాజ, నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి, దాని నాలుగు వైపులా వసారాలు, వాటి వెనుక గదులు. ధాన్యానికి గాదె, పశువులకు కొట్టం, పెరట్లో చేదబావి. ఇది కేవలం నివాసం కాదు. వ్యవసాయానికి కావలసిన పనిముట్టు. వడ్లు ఎండేది, పత్తి నిలువ చేసేది, కూలీల లెక్క చూసేది, బిడ్డల పెళ్లి చేసేది అంతా ఆ వాకిట్లోనే.

వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలో ఈ ఇల్లు పనిచేసే తీరు గమనార్హమైనది. మందమైన మట్టిగోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. బయటి వేడి లోపలి ముఖానికి చేరేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికి గాలి చల్లబడుతుంది. వేడెక్కిన గాలి పైకి లేచి నడిమి వాకిలి గుండా, పెంకుల సందుల గుండా వెళ్లిపోతుంది. దానికి భిన్నంగా, నాలుగైదంగుళాల సిమెంటు స్లాబు పగలంతా ఎండను త్రాగి, రాత్రంతా ఆ వేడిని పడుకున్నవారి మీదికి విడుస్తుంది. పెంకుటిల్లు కూల్చి స్లాబు వేసుకున్నవారు తరువాతి వేసవికే కూలరు కొనడం, ఆ పై సంవత్సరం ఏ.సి. కొనడం కాకతాళీయం కాదు.

అయితే పాత ఇంటిని కీర్తించడం సులభం. అందులో కాపురం చేయడం సులభం కాదు. ఈ సంగతి విస్మరిస్తే చర్చ కేవలం ముచ్చటగా మిగులుతుంది. ఆ ఇంట్లో మరుగుదొడ్డి లేదు. వంటగది చీకటి కొట్టు. పొగ వెళ్లే దారి చాలదు. గడపలు ఎత్తు, మోకాళ్ల నొప్పి గల వృద్ధులు వాటిని దాటలేరు. వానకాలం రాకముందే ఏటేటా పెంకు తిప్పించవలెను. కోతి ఒక్కసారి గెంతితే ఆ శ్రమంతా వృథా. చెదలు, తేళ్లు సరేసరి. అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి వున్నది. ఆ గోడలను, ఆ నేలను నిలిపినది ఎర్రమట్టి, పేడ, వాటితో వారం వారం అలికిన స్త్రీల చేతులు. ఆ శ్రమకు కూలి లేదు, లెక్క లేదు. ఇంటి కోడలు సిమెంటు గచ్చు కోరితే అది సంప్రదాయ ద్వేషం కాదు, నడుము నొప్పి. పాత ఇల్లు నిలవవలెనని కోరేవారు ముందు ఈ శ్రమకు ప్రత్యామ్నాయం చూపవలసి వుంటుంది.

సగం కూల్చి సగం నిలిపే మధ్యేమార్గం చాలా ఇళ్లలో నడుస్తున్నది. కాని అది తరచుగా ఇంటికి చేటు తెస్తున్నది. గోడ అడుగున మట్టి రాలుతున్నదని తాపీమేస్త్రీని పిలుస్తారు. ఆయన మూడడుగుల ఎత్తున సిమెంటు పూత వేసి పోతాడు. గోడ గట్టిపడినట్లు కనిపిస్తుంది. వాస్తవానికి జరిగేది వేరు. నేలలోని తేమ మట్టిగోడలోనికి ఎగబ్రాకడం సహజం. మట్టి, సున్నం ఊపిరి పీల్చే పదార్థాలు. ఎక్కిన తేమ వాటి గుండా ఆవిరై పోతుంది. సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది. తేమ పూత వెనుక నిలిచి, ఇంకా పైకి పోతుంది. తనతో మోసుకువచ్చిన లవణాలను అక్కడ వదులుతుంది. ఆ లవణాలు గడ్డకట్టి ఉబ్బి మట్టిని పొడి చేస్తాయి. నాలుగైదేండ్లకు పూత పెళ్లలుగా వూడిపడినప్పుడు దాని వెనుక గోడ సగం కరగి వుంటుంది. అప్పుడు మట్టి పనికిరాదని తీర్పు చెబుతారు. నేరం మట్టిది కాదు. ఒక పదార్థపు స్వభావం తెలియక మరొక పదార్థాన్ని దాని మీద మోపిన తొందరపాటుది.

సరియైన పునరుద్ధరణకు ఒక వరుస వున్నది. మొదట నీరు, తరువాత కప్పు, అటు తరువాత గోడ, చివరికి పొడిగింపు. ఇంటి చుట్టూ నేల ఏండ్ల తరబడి ఎత్తు పెరిగి వుంటుంది. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ గడప పల్లమవుతుంది. ముందు ఆ మట్టిని తీసి, గోడకు దూరంగా వాననీటికి కాలువ కట్టవలెను. ఈ ఒక్క పనితోనే గోడ వ్యాధి చాలా వరకు కుదుటపడుతుంది. రెండవది కప్పు. దూలపు కొనలు గోడలో దూరిన చోటనే చెదలు, తేమ చేరతాయి. మొత్తం దూలం పారవేయనక్కరలేదు. చెడిన కొనను కోసి, మంచి టేకు ముక్కను అతికి, ఇనుపపట్టీ బిగించే విద్య వడ్రంగులకు తెలియనిది కాదు. పెంకుల కింద చెక్కపలకలో, వెదురు తడికో పరచి, నీరు దిగని పొర ఒకటి వేస్తే ఏటేటి పెంకు తిప్పుడు బాధ చాలావరకు తగ్గుతుంది. మూడవది గోడ. సిమెంటు పూత వున్న చోట దానిని మెల్లగా ఒలిచి, గోడను ఎండనిచ్చి, సున్నపు పూత వేయవలెను. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి క్రమంగా తిరిగి రాయిగా మారుతుంది. అందుకు కాలం పడుతుంది. నెలలోపల గృహప్రవేశం కావలెననే తొందర సున్నానికి పనికిరాదు.

ఇక పొడిగింపు. ఆధునిక జీవనానికి కావలసిన వాటిలో నీటితో కూడినవి స్నానాల గది, మరుగుదొడ్డి, వంటగది. ఈ మూడింటిని పాత మట్టిగోడల నడుమ దూర్చడం ఆ గోడలకు మరణశాసనం వ్రాయడమే. గొట్టం ఒక్కచోట కారినా గోడ కూలుతుంది. అందువల్ల వీటిని పాత కొట్టం వున్న వైపునో, పెరటి వైపునో విడిగా కట్టవలెను. కొత్త కట్టడానికి తన పునాది తనకే వుండవలెను. పాత గోడ మీద దాని బరువు మోపరాదు. కొత్త భాగం నేలలో కొద్దిగా దిగబడడం సహజం. ఎన్నడో దిగబడి కుదిరిన పాత భాగం కదలదు. రెండింటినీ గట్టిగా కట్టివేస్తే ఆ కలిపిన చోటనే బీట పడుతుంది. నడుమ చిన్న సందు విడిచి, పైన రేకుతోనో పెంకుతోనో కప్పిన నడవ వేస్తే రెండూ సుఖంగా వుంటాయి. అత్తగారు, కోడలు ఒకే ఇంట్లో వుండడానికి కూడ ఇదే సూత్రం వర్తిస్తుందని పల్లెలో పెద్దలు నవ్వుతూ అంటారు.

ఈ కొత్త భాగానికి సిమెంటును వెలివేయవలసిన పని లేదు. రామగుండంలో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం 1983 నుంచి ఉత్పత్తి చేస్తున్నది. దాని సామర్థ్యం 2600 మెగావాట్లు. దాని పక్కనే తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రపు రెండు 800 మెగావాట్ల యూనిట్లు 2023, 2024లలో పనికి వచ్చినాయి. ఇవి కాల్చే బొగ్గు నుంచి గుట్టలు గుట్టలుగా బూడిద వస్తున్నది. ఆ బూడిదతో చేసిన ఇటుకలు పొడిగింపుకు అనువైనవి. పొలంలోని మేలైన మట్టిని కాల్చి ఇటుక చేసే అవసరం తప్పుతుంది. కొత్త భాగపు స్లాబు మీద సౌరఫలకాలు పెట్టవచ్చును. కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల వరకు గల ఏర్పాటుకు గరిష్ఠంగా 78,000 రూపాయల సహాయం లభిస్తున్నది. పాత పెంకుల మీద ఆ బరువు మోపడం కంటె ఇది క్షేమకరం. నడిమి వాకిలిని అద్దంతో మూసివేయాలనే కోరిక ఇటీవల పెరుగుతున్నది. బొగ్గుధూళి రాలే ప్రాంతంలో ఆ కోరికకు కారణం లేకపోలేదు. కాని పూర్తిగా మూస్తే వేడిగాలికి దారి పోతుంది. అంచుల వెంట గాలి పోయేట్లు ఎత్తు మీద కప్పు నిలిపి, నాలుగు ప్రక్కల జాలీ పెడితే ధూళి కొంత ఆగుతుంది, గాలి ఆగదు.

ఇంతవరకు చెప్పినది సాంకేతిక విషయం. దీనికి మించిన అడ్డంకి ప్రభుత్వ భాషలో వున్నది. గృహనిర్మాణ పథకాలన్నీ ఇళ్లను కచ్చా, పక్కా అని రెండుగా విభజిస్తాయి. 2016 నాటి ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన కచ్చా గోడ, కచ్చా కప్పు గల ఇంటిని లేమికి గుర్తుగా లెక్కించింది. నిరుపేదకు గట్టి ఇల్లు దొరకవలెననే ఆ ఆశయం మంచిదే. కాని వంద సంవత్సరాలు నిలిచిన మట్టిగోడను, నిన్న వేసిన గుడిసె గోడను ఒకే మాటతో పిలిచే భాష సరియైనది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చిలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకం స్వంత స్థలం గల పేదలకు 5 లక్షల రూపాయలు ఇస్తున్నది. ఆ సొమ్ము పునాది, గోడలు, స్లాబు, ముగింపు అనే దశలను బట్టి విడుదలవుతుంది. ఇందులో పెంకుకు దశ లేదు. మరమ్మతుకు పద్దు లేదు. పేదవానికి తాత ఇచ్చిన దృఢమైన ఇల్లు వున్నా, దానిని కూల్చితేనే సహాయం అందుతుంది. కూల్చడానికి బహుమానమిచ్చి, నిలుపుకోవడానికి చిల్లిగవ్వ ఇవ్వని ఏర్పాటు పాత ఇళ్లను చెదలకంటె వేగంగా తినివేస్తుంది.

బొగ్గు ప్రాంతంలో మరొక భయం వున్నది. ఉపరితల గనుల విస్తరణలో తమ ఊరు పోతుందేమో అనే అనుమానం వున్నచోట ఎవరూ దూలం మార్చరు. 2014 జనవరి 1 నుంచి అమలులోనికి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం ఇంటి విలువను ఇంజనీరు చేత కట్టించి, దానిపై నూటికి నూరు శాతం పరిహారపు అదనం చెల్లించవలెను. కాని మట్టిగోడకు, వయసు మళ్లిన టేకుకు ఏ లెక్కన విలువ కట్టాలి? తరుగుదల లెక్కలో పాతది అంటే తక్కువది అని అర్థం. అందుచేతనే పరిహారం మీద ఆశతో మంచి పెంకుటిల్లు పడగొట్టి, నివసించని స్లాబు గదులు లేపే వింత పరిస్థితి ఏర్పడుతుంది.

గని పేలుళ్ల విషయం మరింత ఆలోచించదగినది. గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ కార్యాలయం 1997లో జారీ చేసిన సర్క్యులర్ పేలుడు వల్ల నేలలో పుట్టే కంపనానికి హద్దులు నిర్ణయించింది. కంపనాల ఆవృత్తి సెకనుకు 8 కంటె తక్కువగా వున్నప్పుడు, కంపెనీకి చెందని మామూలు ఇళ్ల వద్ద ఆ వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. చారిత్రక ప్రాముఖ్యం గల, సున్నితమైన కట్టడాల వద్ద 2 మిల్లీమీటర్లు మించరాదు. అనగా చరిత్ర గలదని గుర్తింపు పొందిన గోడకు రెండున్నర రెట్లు ఎక్కువ రక్షణ వున్నది. కాని ఏ ఇల్లు చారిత్రకమైనదో ఎవరు చెప్పవలెను? 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం దృష్టి కోటలు, గుడులు, ప్రసిద్ధ కట్టడాల మీదనే ప్రధానంగా ప్రసరిస్తుంది. రైతు ఇల్లు ఏ పట్టికలోనూ ఎక్కదు. పేరు ఎక్కని గోడకు హక్కు లేదు. ఇక్కడ చరిత్ర అనే మాట అలంకారం కాదు; మూడు మిల్లీమీటర్ల తేడా. ఆ తేడాలోనే గోడ నిలవడమో, బీటవారడమో వున్నది.

పునరుద్ధరణ అసాధ్యం కాదనడానికి తెలంగాణలోనే నిదర్శనం వున్నది. కామారెడ్డి జిల్లా దోమకొండలోని గడికోటను ఆ వంశీయులు పూనుకొని, వాస్తుశిల్పి అనురాధా నాయక్ ఆధ్వర్యాన బాగుచేయించినారు. దానికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో మెరిట్ అవార్డు లభించింది. ఇది హర్షణీయమే. కాని కోటకు లభించే సొమ్ము, శ్రద్ధ రైతు ఇంటికి లభించవు. పైగా గడీ అనగానే ఉత్తర తెలంగాణ ప్రజల మనస్సులో వెట్టిచాకిరి స్మృతి మెదులుతుంది. సాయుధ పోరాట కాలంలోనూ, 1978 నాటి జగిత్యాల రైతాంగ కదలిక తరువాతనూ ఎన్నో గడీలు పాడుబడినాయి. ఆ శిథిలాలను చూసి కన్నీరు కార్చనివారిని చరిత్ర తెలియనివారని నిందించరాదు; వారికి చరిత్ర బాగా తెలుసు. సరిగ్గా ఈ కారణం చేతనే సామాన్య రైతు ఇంటిని వేరుగా లెక్కించవలసి వున్నది. దొర గడీ మాత్రమే నిలిచి, పదెకరాల రైతు లోగిలి, కుమ్మరి పెంకుటిల్లు, సాలె మగ్గం గుంట వున్న ఇల్లు మాయమైతే, రాబోయే తరానికి తెలంగాణలో దొరలు తప్ప మరెవరూ నివసించలేదనే భ్రమ కలుగుతుంది.

ప్రపంచంలో ఇతర దేశాలు కూడ ఈ చిక్కును ఎదుర్కొంటున్నాయి. జపానులో 2023 గణన ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా వున్నాయి. వాటిలో పాత పల్లెటి ఇళ్లను బాగుచేసి కొత్త కుటుంబాలకు అప్పగించే ప్రయత్నాలు అక్కడ సాగుతున్నాయి. 1964 నాటి వెనిస్ ప్రకటన పాత కట్టడాన్ని సమాజానికి ఉపయోగపడే పనిలో వుంచడమే దాని రక్షణకు తోడ్పడుతుందని గుర్తించింది. భారతదేశంలో ఇంటాక్ సంస్థ 2004లో ఆమోదించిన పత్రం, చట్టం కాపాడని కట్టడాల గురించి, వాటిని నిలిపే మేస్త్రీల విద్య గురించి ప్రత్యేకంగా మాట్లాడింది. ఆ విద్యే అసలు సంపద. సున్నం నానబెట్టడం తెలిసినవాడు, దూలం అతకడం తెలిసినవాడు పోయిన తరువాత, ఎంత సొమ్ము గుమ్మరించినా పాత ఇల్లు నిలవదు.

కర్తవ్యం ఏమిటి? ఇళ్ల పథకాలలో మరమ్మతుకు ఒక దశ చేర్చడం కష్టమైన పని కాదు. ఇంజనీరు దృఢమని ధ్రువీకరించిన ఇంటికి మరుగుదొడ్డి, వంటగది పొడిగింపు నిమిత్తం సహాయం ఇస్తే, ఖర్చు కొత్త ఇంటికన్నా తక్కువే కావచ్చును. పారిశ్రామిక శిక్షణాలయాలలో సున్నపు పని, కలప మరమ్మతు పాఠ్యాంశాలుగా ప్రవేశపెట్టవచ్చును. పాఠశాలలు చేయగలిగిన పని ఒకటి వున్నది. దానికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. ఒక్కొక్క తరగతి తమ ఊరి పాత ఇళ్ల పట్టిక తయారు చేయవచ్చును. గోడ మందం కొలవడం, మధ్యాహ్నం రెండు గంటలకు పెంకుటింటిలోను, స్లాబు ఇంటిలోను ఉష్ణమాపకం చూసి వ్రాసుకోవడం, వాకిలి పటం గీయడం, ఇల్లు ఎప్పుడు కట్టినదో పెద్దలను అడిగి తెలుసుకోవడం గణితానికి, విజ్ఞాన శాస్త్రానికి, సాంఘిక శాస్త్రానికి ఒకేసారి అభ్యాసం. అటువంటి పట్టిక గ్రామపంచాయతీలో నమోదైతే, రేపు గని అధికారుల ముందో, భూసేకరణ అధికారి ముందో ఆ కుటుంబానికి చూపుకోవడానికి ఒక కాగితం వుంటుంది.

ప్రతి పాత ఇంటినీ నిలపడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కొన్ని గోడలు నిజంగానే చచ్చినవి. వాటిని కూల్చడమే శ్రేయస్కరం. అయితే కూల్చే ముందు ఒక ప్రశ్న వేసుకోవలసి వున్నది: ఈ గోడ పనికిరానిదా, లేక దీనికి నీరు పోయే కాలువ మాత్రమే కరవైనదా? సున్నపురాయి నేలలో కోట్ల ఏండ్లు వుండి, ఒక తరానికి సున్నమై, మరొక తరానికి సిమెంటై ఉపయోగపడింది. రెండింటికీ ఒకే ఇంట చోటున్నది. పాత గోడకు సున్నాన్ని, కొత్త గదికి సిమెంటును, ఇంటి కోడలికి వెలుతురు గల వంటగదిని, ముసలివారికి ఎత్తులేని గడపను ఇవ్వగలిగితే, ఆ ఇల్లు మరొక తరం కాపురాన్ని మోయగలదు.